పళని మీదుగా మదురై

శంషాబాద్‌లో విమానం ఎక్కితే గంటన్నర అటూ ఇటూగా కోయంబత్తూరులో దిగుతాం. మదురై ఇంకాస్త దూరం, అంతే. గాలిదారిన మొదటిది సుమారు 700 కిలోమీటర్లు, రెండోది 820. ఆ రెండు ఊళ్ల మధ్య విమానంలో పోదామంటే మాత్రం మామూలుగా చెన్నై దాకా వెళ్లి మళ్లీ కిందికి రావాలి. సూటిగా 175 కిలోమీటర్లుండే దూరానికి 850 దాకా చుట్టు తిరుగుడు! బస్సెక్కండి. పొల్లాచ్చి, ఉడుమలైపేట, పళని, దిండుక్కల్ మీదుగా ఐదు గంటలు పడితే పట్టనీయండి. మన తెలుగువాళ్ల బతుకులు ఆ దారి పొడుగునా ఉన్నాయి.

1529లో విశ్వనాథ నాయకుడు విజయనగరం తరఫున మదురై పాలన చేపట్టాడు. ఆయనకు ముందూ వెనకా సైనికులు, రైతులు, నేతగాళ్లు, తోలుపని చేసేవాళ్లు దక్షిణానికి తరలిపోయారు. హంపి నుంచి మదురైకి గీత గీస్తే 600 కిలోమీటర్ల పైచిలుకు. రోజుకు పాతిక నడిచే ఎడ్లబండికి నెల ప్రయాణం. అయితే సంసారాలు బండిలెక్కన కదలవు. నీళ్లు పడినచోట బావి తవ్వుకుని ఆగుతాయి. ఏటి ఒడ్డు మాగాణులు అప్పటికే వేరేవాళ్ల సాగులో ఉన్నాయి. వీళ్లలో చాలామందికి దక్కింది వానను నమ్ముకున్న నల్లరేగడి. దాన్నే పత్తిచేలు చేశారు. ఆ నేలల పత్తే తర్వాత కోయంబత్తూరు మిల్లుల్లో నూలైంది. ఈ వలసనే ఇంట్లో తెలుగు మాట్లాడే కి. రాజనారాయణన్ తమిళంలో ‘గోపల్ల గ్రామం’ నవలగా రాశారు.

ఆవిష్కర్త, పారిశ్రామికవేత్త జి.డి. నాయుడు 1893లో కోయంబత్తూరు దగ్గరి కలంగల్‌లో తెలుగు రైతు ఇంట పుట్టాడు. 1920లో ఒక బస్సు కొని, పొల్లాచ్చి నుంచి పళనికి తానే నడిపాడు. మీరెక్కిన బస్సు పోయేదీ ఆ దారినే. 2025లో కోయంబత్తూరు అవినాశి రోడ్డు మీద తెరిచిన పది కిలోమీటర్ల ఫ్లైఓవర్‌కు ఆయన పేరే పెట్టారు.

మదురైలో అందరూ తిరుమల నాయకుడి మహలు స్తంభాలు చూస్తారు. విజయరంగ చొక్కనాథుడి (1706–1732) కొలువులో సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతాన్ని తెలుగు వచనంలో రాశాడని తలచుకునేవాళ్లు తక్కువ. మన వచనానికి పెద్దపీట వేసిన ఊరది. ఈ మాట మన బడిపిల్లలకు చెప్పకపోవడం నాకు నిజంగా బాధ.

కోయంబత్తూరు పక్క పల్లెల్లో అరుగు మీది అవ్వ మనల్ని చూడగానే “యా ఊరు నాయనా మీది? బువ్వ తింటిరా?” అంటుంది. మనవడూ తెలుగులోనే పలుకుతాడు. వాడి అక్క పెళ్లిపత్రిక మాత్రం తమిళంలో ఉంటుంది, ఎందుకంటే ఇంట్లో తెలుగు చదివేవాళ్లు లేరు. బడిలో నేర్పేవాళ్లు లేకుండా ఇన్ని తరాలు నోటితోనే భాషను నిలబెట్టుకున్న ఇల్లది. మీనాక్షమ్మ దర్శనం కాగానే సాయంత్రం విమానానికి పరుగెత్తకండి. ఒక పూట ఆ అరుగు మీద కూర్చోండి. వెళ్లేటప్పుడు సంచిలో పిల్లల వాచకాలు నాలుగు పెట్టుకెళ్లండి.