తార్నాక నుండి షికాగోకు ఎంత దూరం?

"తాతయ్యా, మీ ఊరు ఎంత దూరం?" అని మొన్న ఆదివారం నా మనుమడు ఫోనులో అడిగాడు. వాడుండేది షికాగోలో, నేనుండేది తార్నాకలో. "13,300 కిలోమీటర్లు నాయనా" అన్నాను. "ఎటువైపు?" అన్నాడు. పిల్లలకు అన్నేళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి, అక్కడ తడబడ్డాను.

గోడమీది పటం చూస్తే పడమరకు పోవాలనిపిస్తుంది. అలమారలోని గోళం దించి, పూలు కట్టే దారం బిగించి చూశాను. దారం హైదరాబాదు నుండి ఇంచుమించు ఉత్తరముఖంగా బయలుదేరి, మధ్య ఆసియా దాటి, దాదాపు 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా ఎగబ్రాకి, గ్రీన్లాండు, కెనడాల మీదుగా షికాగోలో దిగింది.

అప్పుడు సూర్యసిద్ధాంతం జ్ఞప్తికి వచ్చింది. భూమధ్యరేఖపై లంక, దానికి తూర్పున యమకోటి, పడమట రోమకం, సరిగ్గా ఆవలి దిక్కున సిద్ధపురి. లంకలో సూర్యోదయమైతే సిద్ధపురిలో అస్తమయమని అందులో ఉన్నది. ఉత్తరధ్రువమే మేరువు. లంక నుండి సిద్ధపురికి ఏ దిక్కుగా పోయినా ఒకే దూరం, మేరువు మీదుగా పోయినా అంతే! చదువుకునే రోజుల్లో పుక్కిటి పురాణమనుకున్నది, నేడు నా కొడుకు ఇంటి దారి అయినది. 2021 జనవరిలో ఎయిరిండియావారు షికాగో నుండి హైదరాబాదుకు నేరుగా విమానం మొదలుపెట్టారు. వారానికి ఒక్కటి, 16 గంటలకు పైగా ప్రయాణం. కొంతకాలమే నడిచింది.

అంతకు ముందే, 2019 నవంబరులో, మా ఇల్లాలు కన్నుమూసింది. ఇక్కడ ఉదయం ఆరు గంటలు. అక్కడ ముందునాటి సాయంత్రం ఆరున్నర. కబురందగానే అబ్బాయి బయలుదేరాడు. నడుమ ఒకచోట విమానం మారి, మరునాటి మధ్యాహ్నం ఒంటిగంటకు గుమ్మంలో నిలబడ్డాడు. 31 గంటలు. తల్లి ముఖం చూచుకున్నాడు, తలకొరివి పెట్టాడు. "అంత దూరం నుండి అందుకున్నాడు, అదృష్టవంతురాలు" అన్నారు ఇరుగుపొరుగువారు.

ఆ మాటకు నా మనసు మరొకచోటికి పోయింది.

1980లో నేను ఉస్మానియా ఆర్ట్సు కళాశాలలో ఎం.ఏ. విద్యార్థిని. నివాసం వసతిగృహంలో. కరీంనగరం జిల్లాలో, మానేరు ఒడ్డున మా పల్లె. ఇక్కడికి 165 కిలోమీటర్లు. నాన్న పోయారన్న తంతి మూడవనాడు నా చేతికి వచ్చింది. గౌలిగూడలో బస్సెక్కి, ఆపై రెండు క్రోసులు నడిచి ఇల్లు చేరేసరికి అన్నయ్య అస్థిసంచయనం కూడా ముగించి వచ్చాడు. అమ్మ ఏడవలేదు. "పట్నం ఎంత దూరమే అని రెండుమార్లు అడిగిండు కొడుకా" అని మాత్రం అన్నది.

ఇప్పుడు ప్రతి ఉదయం తార్నాక నుండి నడచి వచ్చి, ఆ కళాశాల ఎదుటనే కాసేపు కూర్చుంటాను. 1939లో కట్టడం ముగిసిన ఆ గులాబి రాతి గోడలు అట్లాగే ఉన్నవి. తంతి వ్యవస్థ 2013 జూలైలో మూతపడింది. 13,300 కిలోమీటర్లు 31 గంటలలో తరిగినవి. నా 165 కిలోమీటర్లు మాత్రం నలుబది ఐదేళ్ళయినా తరగలేదు.

వచ్చే ఆదివారం మనుమడికి చెబుతాను, దారి ఉత్తరం వైపని. వాడి చేత కూడా గోళంపై దారం పెట్టిస్తాను. నాన్న అడిగిన ప్రశ్నకు బదులు ఎవరికి చెప్పను?