ఊదుబత్తి మీద నేను వేసిన నింద

మా అమ్మకు నేనొక క్షమాపణ బాకీ ఉన్నాను. ఇంట్లో చెప్పాను. కానీ నింద వేసింది చుట్టాల ముందు కాబట్టి, క్షమాపణ కూడా నలుగురూ చదివేచోట చెప్పడమే న్యాయం అనిపించింది. పైగా ఇది హేతువాదినని చెప్పుకునేవాడు చేసిన తప్పు. మనవాళ్లకు తెలియడం మంచిది.

మాది సిరిసిల్ల వైపు. మా నాన్న సాంచాల పని మీద సూరత్ వచ్చి లింబాయత్‌లో ఉండిపోయాడు. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి ఎన్నో పద్మశాలి కుటుంబాలు ఇలాగే సూరత్‌కూ, భీవండికీ, షోలాపూర్‌కూ వలస వెళ్లాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతుంది. నేను అలాంటి బడిలోనే చదివాను. నేను దేవుణ్ణి నమ్మను, అమ్మ నమ్ముతుంది. ఆమె పూజ ఆమెది, నా పుస్తకాలు నావి. ఈ ఒప్పందం మీద మా ఇల్లు చాలా ఏళ్లు ప్రశాంతంగానే నడిచింది.

ఒప్పందం చెడింది మా పాప తుమ్ముల దగ్గర.

పాపకు ఆరేళ్లప్పుడు మొదలైంది. వానలు తగ్గి నవరాత్రులు వస్తున్నాయనగా, పొద్దున లేవగానే వరసగా పది, పదిహేను తుమ్ములు. ముక్కు కారడం, కళ్లు ఎర్రబడి దురద పెట్టడం. అరచేత్తో ముక్కును పైకి తోసి రుద్దుకునేది. మరుసటి ఏడు దగ్గుతో పాటు పిల్లికూతలు కూడా వచ్చాయి. ఒక రాత్రి రెండు గంటలప్పుడు పాప మంచం మీద కూర్చుని, భుజాలు ఎగరేస్తూ ఊపిరి లాక్కుంటోంది. మాట పూర్తి చేయలేకపోతోంది. ఆటో పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తాం. నెబులైజర్ పెట్టాక తెల్లవారుజామున నిద్రపోయింది.

ఇంటికి రాగానే నేను తీర్పు చెప్పేశాను. నవరాత్రుల్లో అమ్మ పొద్దునా సాయంత్రం ఊదుబత్తీలు వెలిగిస్తుంది, సాంబ్రాణి వేస్తుంది. పాపకు జబ్బు వచ్చేదీ అప్పుడే. ఇంకేం సాక్ష్యం కావాలి? మేనత్త, చిన్నాన్న ఇంట్లో ఉండగానే "నీ భక్తి పిల్ల ప్రాణం మీదికి తెచ్చింది" అన్నాను. అమ్మ ఒక్క మాట అనలేదు. ఊదుబత్తీల పెట్టె తీసుకెళ్లి బయట చెత్తబుట్టలో వేసి వచ్చింది.

ఆ తర్వాతి ఏడు ఇంట్లో ఊదుబత్తి లేదు, సాంబ్రాణి లేదు. పాపకు మాత్రం అవే రోజుల్లో, అవే తుమ్ములు, అవే పిల్లికూతలు.

నేను తప్పు ఒప్పుకున్నానా? లేదు. పక్కింటివాళ్ల ధూపం కిటికీలోంచి వస్తోందన్నాను. తర్వాత బతుకమ్మ పూల వల్ల అన్నాను. ఆఖరుకి సాంచాల దుమ్ము అన్నాను. సాంచాలు ఏడాది పొడుగునా నడుస్తాయి కదా, పాపకు ఏడాది పొడుగునా ఎందుకు రావట్లేదు అని ఆలోచించలేదు. ప్రతిసారీ నాకొక దోషి దొరికాడు. ఆ దోషుల్లో ఎక్కువమంది నాకు ముందునుంచీ నచ్చనివాళ్లే. దీన్ని హేతువాదం అంటారా?

అలర్జీ డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన అడిగింది చాలా మామూలు పని. ఒక నోట్‌బుక్ పెట్టమన్నారు. రోజూ ఎన్ని తుమ్ములు, కళ్ల దురద ఉందా, రాత్రి దగ్గు వచ్చిందా, ఆ రోజు వాన పడిందా, గాలి వీచిందా, ఇంట్లో ఏం జరిగింది. పాపకప్పుడు ఎనిమిదేళ్లు. తనే రాస్తానంది. నేను వారానికోసారి చూసేవాణ్ణి, నిజం చెప్పాలంటే అప్పుడప్పుడు చూసేవాణ్ణి.

ఒకటిన్నర ఏడాది గడిచాక కూర్చుని మొత్తం చదివాను. సెప్టెంబర్ చివర్లో మొదలై నవంబర్ సగం దాకా బాధ ఎక్కువ. ఫిబ్రవరి, మార్చిలో మళ్లీ కొంచెం. గట్టిగా వాన పడ్డ రోజు తుమ్ములు దాదాపు లేవు. వాన వెలిసి రెండు మూడు రోజులు ఎండకాసి గాలి వీస్తే మళ్లీ ఎక్కువ. జూలై, ఆగస్టుల్లో పాప బాగానే ఉంది.

ఆ జూలై పేజీల్లోనే, పాప అక్షరాల్లో, ఈ మాట కనబడింది: "ఈరోజు బాపమ్మ ఊదుబత్తి ముట్టిచ్చింది. డాడీకి చెప్పొద్దన్నది. తుమ్ములు లేవు." వారం తర్వాత మళ్లీ అదే. ఆ నెలా ఆపై నెలా కలిపి తొమ్మిదిసార్లు. నేను పనికి వెళ్లాక అమ్మ దొంగతనంగా తన దేవుడికి ఊదుబత్తి వెలిగించుకుంది. నా మనవరాలు సాక్ష్యం రాసిపెడుతోందని ఆమెకు తెలియదు. నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది. డెబ్బై ఏళ్ల మనిషి సొంత ఇంట్లో భయపడుతూ దండం పెట్టుకునేలా చేసింది నేనే. అదీ తప్పుడు లెక్కతో.

ఇక్కడో మాట స్పష్టంగా చెప్పాలి. ఊదుబత్తి పొగ ఊపిరితిత్తులకు మంచిదేం కాదు. పిల్లికూతలున్న పిల్లలకు ఏ పొగైనా ఇబ్బందే. ఇప్పుడు మా అమ్మ బాల్కనీలో వెలిగిస్తుంది. కానీ మా పాప రుతువు ప్రకారం పడే బాధకు అసలు కారణం అది కాదు.

అసలు కారణం చర్మ పరీక్షలో కొంత తేలింది. ముంజేతి మీద రకరకాల ద్రావణాల చుక్కలు వేసి, సూదితో మెల్లగా గుచ్చి, పావుగంట ఆగి చూస్తారు. పడనిచోట దోమ కుట్టినట్టు దద్దురు లేస్తుంది. మా పాపకు గడ్డిజాతి మొక్కల పుప్పొడికి, 'గాండో బావళ్' పుప్పొడికి దద్దుర్లు లేచాయి. గుజరాతీలో దానర్థం పిచ్చి తుమ్మ. మన సర్కారు తుమ్మే అది. అమెరికా ఖండాల చెట్టు, 19వ శతాబ్దంలో మన దేశానికి తెచ్చారు. ఇప్పుడు రైలు పట్టాల పక్కన, ఖాళీ స్థలాల్లో, ఖాడీల ఒడ్డున ఎక్కడ చూసినా అదే. వానాకాలంలో ఏపుగా పెరిగిన గడ్డి వానలు తగ్గగానే పూస్తుంది. ఆ సమయానికే నవరాత్రులు వస్తాయి. రెండింటికీ ఉన్న సంబంధం క్యాలెండర్‌లో తేదీలు కలవడం, అంతే.

బతుకమ్మ పూలను కూడా నిందించానన్నాను కదా. బంతి, తంగేడు లాంటి రంగురంగుల పూలు పురుగుల కోసం పూస్తాయి. వాటి పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది, గాలిలో పెద్దగా ఎగరదు. గాలి మీద ఆధారపడే గడ్డిపూలకు రంగూ వాసనా అక్కర్లేదు. అవి కంటికి కనబడని పుప్పొడిని గుట్టలుగా గాలిలోకి వదులుతాయి. కనబడే పువ్వు మీద నింద పడుతుంది, కనబడని గడ్డి తప్పించుకుంటుంది.

ఈ సంగతి కనిపెట్టిన మనిషి గురించి చెప్తాను, ఎందుకంటే సూరత్‌లో ఉన్నవాళ్లకు అది నచ్చుతుంది. 1819లో లండన్‌లో జాన్ బోస్టాక్ అనే డాక్టరు ఏటా వేసవిలో తనకే వచ్చే ఈ జబ్బును వర్ణించాడు. కారణం వేసవి వేడి అనుకున్నాడు. మాంచెస్టర్‌కు చెందిన చార్లెస్ బ్లాక్లీకి కూడా ఈ జబ్బు ఉండేది. ఆయన ఊహించి ఊరుకోలేదు. పుప్పొడిని తన ముక్కులో, కంట్లో, గీరిన చర్మం మీద పెట్టుకుని చూశాడు. గాలిలో ఎంత పుప్పొడి ఉందో తెలుసుకోవడానికి జిగురు రాసిన గాజు పలకలను గాలిపటాలకు కట్టి ఎగరేశాడు! ఉత్తరాయణానికి మా సూరత్ ఆకాశం నిండా గాలిపటాలే కాబట్టి మా పాపకు ఈ కథ తెగ నచ్చింది. బ్లాక్లీ ఫలితాలు 1873లో పుస్తకంగా వచ్చాయి. ఇంకో విశేషం, ఆయన హోమియో డాక్టరు. మనిషి మీద ఏ ముద్ర ఉందన్నది కాదు, తన నమ్మకాన్ని పరీక్షకు పెట్టాడా లేదా అన్నదే ముఖ్యం. ముద్రలో నేను హేతువాదిని, పనిలో ఆయన నాకన్నా హేతువాది.

శరీరం చేసే పొరపాటు కూడా నా పొరపాటులాంటిదే. ఏ హానీ చేయని పుప్పొడిని శత్రువనుకుని దాని మీద ఐజీఈ అనే ప్రతిరక్షకాలను తయారుచేసుకుంటుంది. మళ్లీ ఆ పుప్పొడి తగలగానే హిస్టమిన్ లాంటి పదార్థాలు విడుదలై ముక్కు కారడం, దురద, తుమ్ములు వస్తాయి.

ఇక చేప మందు సంగతి. హైదరాబాద్ నుంచి మేనత్త ఏటా ఫోన్ చేసేది, "మృగశిర కార్తెకు పిల్లను తోల్కరా" అని. జూన్ మొదట్లో బత్తిని వారి కుటుంబం చిన్న కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి మింగిస్తుంది. ఒకప్పుడు చేప మందు అన్నదాన్ని ఇప్పుడు చేప ప్రసాదం అంటున్నారు. డబ్బు తీసుకోరు. నేను ఎవరినీ మోసగాళ్లు అనడం లేదు. నేను వద్దంటే అమ్మ అడిగిన ప్రశ్న నన్ను నిలబెట్టేసింది. "నా ఊదుబత్తి తప్పు లేదని పుస్తకంల రాసి సూసినవ్ గద బిడ్డా. చేప మందు గూడ గట్లనే రాసి సూడరాదు?"

న్యాయమైన ప్రశ్న. ఆలోచించి జవాబు చెప్పాను. జూన్‌లో మందు మింగితే, వెంటనే వానలు. పథ్యం 45 రోజులు. అవి అయ్యేసరికి జూలై చివర. ఆ రోజుల్లో మన పాప ఏ మందూ లేకుండానే బాగుంటుందని మన పుస్తకమే చెప్తోంది. అప్పుడు ఘనత ఎవరికి ఇవ్వాలి, చేపకా, వానకా? అక్టోబర్‌లో మళ్లీ వస్తే "పథ్యం తప్పారు, మూడేళ్లు వరసగా రావాలి" అంటారు. ఒక్క పిల్ల నోట్‌బుక్‌తో ఇది తేలదు. మందు తీసుకున్నవాళ్లనీ, అచ్చం అలాంటిదే మందు లేనిది తీసుకున్నవాళ్లనీ పోల్చాలి. ఎవరికి ఏది ఇచ్చారో ఇద్దరికీ తెలియకూడదు.

అలర్జీకి మూడేళ్లు తీసుకునే ఇంజెక్షన్ల చికిత్స కూడా ఉంది. 1911లో లండన్‌లో లెనార్డ్ నూన్ మొదలుపెట్టాడు, పుప్పొడి సారాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ ఎక్కించడం. అదీ మూడేళ్లే, ఇదీ మూడేళ్లే. తేడా ఏమిటంటే, 1954లో విలియం ఫ్రాంక్‌లాండ్ దాన్ని సరిగ్గా నేను పైన చెప్పిన పద్ధతిలో పరీక్షకు పెట్టాడు, పరీక్షలో నిలబడింది. అమ్మ అంతా విని "అయితే ఓళ్లన్న గట్ల సూడాలె" అంది. నేను కోరేదీ అంతే.

మేం ఇప్పుడు చేసేది ఇది. డాక్టరు చెప్పిన ముక్కు స్ప్రే సెప్టెంబర్ మొదట్లోనే, అంటే బాధ మొదలవకముందే ప్రారంభిస్తాం, ఎందుకంటే అది పూర్తిగా పనిచేయడానికి రోజులు పడుతుంది. రోజూ పీల్చే నివారణ ఇన్‌హేలర్ వేరు, ఆయాసం వచ్చినప్పుడు వాడే నీలం రంగు ఇన్‌హేలర్ వేరు. "పంపు అలవాటైతది" అని అమ్మ భయపడేది. అలవాటు కాదు, పిల్ల బాగుందని మధ్యలో ఆపేయడమే ప్రమాదం అని డాక్టరు ఆమెకే నేరుగా చెప్పారు. ఆ కాలంలో పొద్దున కిటికీలు మూసి ఉంచుతాం, బట్టలు లోపలే ఆరేస్తాం. బయటినుంచి రాగానే ముఖం, జుట్టు కడగడం. కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో ముక్కు కడగడం కూడా చేస్తాం. యోగావాళ్లు దీన్నే జలనేతి అంటారు. ఉపయోగం ఉన్నదాన్ని పేరు చూసి వద్దనడం కూడా మూఢత్వమే.

పోయిన నవరాత్రులకు పాప గర్బాకు వెళ్తానంది. తొమ్మిది రాత్రులూ ఆరుబయట మైదానంలో, చుట్టూ గడ్డి. అంతకుముందు మూడేళ్లు కిటికీలోంచి చూస్తూ ఏడ్చింది. ఈసారి పంపించాం. బాపమ్మ తోడు వెళ్లింది, కొంగున నీలం ఇన్‌హేలర్ ముడేసుకుని. అది ఆ తొమ్మిది రాత్రుల్లో ఒక్కసారే అవసరపడింది. ఒక్క ఏడు బాగున్నంత మాత్రాన మా పద్ధతి గెలిచిందని నేను అనను. ఆ ఏడు గాలిలో పుప్పొడే తక్కువేమో. నోట్‌బుక్ ఇంకా నడుస్తోంది.

సద్దుల బతుకమ్మ రోజు అదే చుట్టాలు మళ్లీ మా ఇంటికి వచ్చారు. అందరి ముందూ ఆ జూలై పేజీ చదివి, "తప్పు నాదే అమ్మా" అన్నాను. అమ్మ నవ్వి, పాప వైపు తిరిగి, "చెప్పొద్దంటే రాస్తవా పోరీ" అంది.

మీ ఇంట్లో ఏటా ఒకే కాలంలో వచ్చే జబ్బు ఏదైనా ఉంటే, దోషిని పట్టుకునే ముందు ఒక నోట్‌బుక్ కొనండి. అందులో మీకు నచ్చని సంగతులు కూడా రాయనివ్వండి. వీలైతే పిల్లల చేత రాయించండి.