మీ ఫ్రిజ్జుల ఐసు ఉన్నదా వదినా?

వదినా, జర గోడ కాడికి రారాదు. ఐసు గడ్డలున్నయా మీ ఇంట్ల? షర్బతుకు గాదు. నీ అల్లుడు రీలు కడుగుతడంట.

నవ్వుతవేంది! పెండ్లికి వోతె మూడు వేల ఫోటోలు కొట్టుకొచ్చే మా పోరడు, గిప్పుడు పాత పెంటాక్స్ కె1000 ఒకటి మెడకేసుకొని తిరుగుతున్నడు. వెలుగు కొలిచే ముల్లుకు తప్ప దానికి సెల్లుతోని పనే లేదు. రీలుకు 36 బొమ్మలు, అంతె. ఫ్రిజ్జు తెరిస్తె కరివేపాకు పక్కన రీలు డబ్బలు. కారప్పొడి అనుకొని మూత తీయవోయిన, లొల్లి లొల్లి చేసిండు.

మొదటి రీలు సంగతి అన్న చెప్పలేదా? పానగల్లు ఛాయా సోమేశ్వరం గుడికి వోయిండు. సూర్యుడు తూర్పుకెల్లి పడమటికి వోయినా లోపలి లింగం మీది నీడ జరగది గద, దాన్ని పొద్దుగాలకెల్లి మాపటిదాక తీసిండు. అంకె 36 దాటింది, 38 అన్నది, 40 అన్నది, మీట మాత్రం తిరుగుతనే ఉన్నది. సంబురపడ్డడు, ఎక్కువొచ్చినయని! ఇంటికొచ్చినంక అన్న చూసి, "అల్లుడా, రీలు కొస పండ్లచక్రానికి పట్టనే లేదు, ఒక్క బొమ్మ పడలే" అన్నడు. రెండు పూటలు అన్నం ముట్టలేదు వాడు.

అన్న స్టూడియో మూసి ఎన్నేండ్లాయె, అయినా చెయ్యి మరిచిపోలే. "మన ఎండకు మీటరెందుకు? 100 రీలైతె పదహారు మీద పెట్టి, నూట ఇరవై అయిదుల కొట్టు" అన్నడు. ఊటీల తయారైన ఇందు రీళ్ల ముచ్చట గూడ తీసిండు. ఆ ఫ్యాక్టరీ ఏనాడో మూతబడ్డది గని, చెప్పుకుంట చెప్పుకుంట కండ్ల నీళ్లు వెట్టుకున్నంత పని చేసిండు.

ఐసెందుకంటవా? బ్లాక్ అండ్ వైట్ మందుకు 20 డిగ్రీలుండాల్నంట. మే నెలల మన ట్యాంకు నీళ్లు చెయ్యి వెడితె కాల్తయి. వేడి నీళ్లల్ల బొమ్మ జల్ది నల్లగైతది, పైపూత మెత్తగైతది. అందుకని మందు సీసను ఐసు నీళ్ల గిన్నెల నిలవెడతడు. ఆఖరుకు కడిగేటందుకు బోరు నీళ్లు గూడ వద్దంటడు. మన నల్లగొండ నీళ్ల సంగతి నీకు చెప్పాల్నా, బిందె అడుగున తెల్లగ పేరుకుంటది, రీలు మీద ఊకుంటదా? ఆరినంక సుక్కలు సుక్కలు. ఇన్వర్టర్ల పోసే బ్యాటరీ నీళ్లు కొనుక్కొచ్చిండు. మాకు తాగ క్యాను నీళ్లు, వాని రీలుకు బ్యాటరీ నీళ్లు!

రాత్రి వాడు ఇంకో ముచ్చట చెప్పిండు. మా పాలమూరును మహబూబ్‌నగర్ చేసింది ఆరో నిజాము మహబూబ్ అలీఖాన్ పేరు మీదనే గద, 1890 సంవత్సరంల. ఆ నిజాముకు లాలా దీన్ దయాళ్ అనేటాయన ఫోటోలు తీసేటోడు, అద్దం పలకల మీద. 1892ల హైదరాబాదుల పరదా ఆడోళ్ల కోసం వేరే స్టూడియో పెట్టిండంట, తీసేది గూడ ఒక ఇంగ్లీషామె. నాకు అది మస్తు నచ్చింది. నా పెండ్లప్పుడు ఫోటో ఆయన "కదలద్దు" అని ఒర్లితె భయానికి కండ్లు మూసిన. గదొక్కటే మిగిలింది, ఇప్పటికీ గోడకున్నది చూడు. మీ అన్నయ్య మాత్రం దొరలెక్క నిలవడ్డడు.

ఈసారి రీలు పట్టింది. మీట తిప్పినప్పుడల్లా ఎడమ దిక్కు గుండి తిరుగుతుందా లేదా అని కండ్లార్పకుండ చూసిండంట. అదే పానగల్లు, అదే నీడ. గర్భగుడి చీకట్ల స్టాండు మీద పెట్టి, అన్న చెప్పినట్టు మీటరు లెక్క కంటె ఎక్కువ సేపు తెరిచి ఉంచిండంట. చీకట్ల రీలు మొద్దుబారుతది గదా. రాత్రి బాత్రూం తలుపు సందులకు నా కొత్త దుప్పటి కుక్కి, ఆ చీకట్లనె రీలును డబ్బల ఎక్కించిండు.

అగో, పిలుస్తనే ఉన్నడు. ఐసు ఇడ్లీ గిన్నెల ఏసియ్యి. అన్నను గూడ తోలియ్యి, నిమిషాలు లెక్కపెట్టేటోడు గావాల్నంట.