దత్తు పోయిన పుస్తకాలు

ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో పాఠకుడిగా చేరాలంటే ప్రమాణం చేయాలి. పుస్తకాలు పాడుచేయను, లోపలికి నిప్పు తేను, వెలిగించను, పొగ తాగను అని పైకి చదవాలి. చదువుతుంటే నవ్వొచ్చింది. తర్వాత తెలిసింది, ఆ నిప్పు మాటను అందరికంటే గట్టిగా పాటించింది వాళ్లేనని. 1602లో తలుపులు తెరిచిన ఆ గ్రంథాలయంలో 1845 దాకా చలికి వెచ్చదనం లేదు, 1929 దాకా దీపం లేదు. చలికాలం నాలుగింటికే చీకటి పడే ఊళ్లో అప్పటివాళ్లు ఎలా చదివారో! పుస్తకం బయటికి ఇచ్చే ప్రసక్తి కూడా లేదు. 1645లో మొదటి చార్లెస్ రాజు ఒక పుస్తకం అరువు అడిగితే గ్రంథపాలకుడు, స్థాపకుడు బోడ్లీ రాసిపెట్టిన నిబంధనలు చూపించి కుదరదన్నాడు. కొన్నేళ్లకు, ఆ రాజును దించిన క్రాంవెల్ అడిగినా అదే జవాబు.

రాతప్రతులు ఇప్పుడు వీధికి అవతల, వెస్టన్ భవనంలో ఉంటాయి. సంచి బయట పెట్టెలో పెట్టేయాలి. పెన్ను పనికిరాదు, పెన్సిలే. పుస్తకాన్ని మెత్తటి దిమ్మల మీద వాలుగా ఆనించి, పేజీ లేవకుండా సీసపు గుళ్లు కుట్టిన గుడ్డతాడు వేస్తారు. సినిమాల్లో చూపించే తెల్ల చేతితొడుగులు మామూలుగా ఇవ్వరు. తొడుగు వేస్తే వేలికి కాగితం మందం తెలియక చిరుగుతుందట. చేతులు కడిగి, తుడుచుకుని కూర్చుంటే చాలు.

అసలు తిప్పలు జాబితాతో. ఇక్కడి సంస్కృత ప్రతులకు జర్మన్ పండితుడు ఔఫ్రెక్ట్ తయారుచేసిన జాబితా 1864లో పూర్తయింది, లాటిన్‌లో. మన కావ్యం ఏ అలమరలో ఉందో తెలియాలంటే ముందు లాటిన్ కూడబలుక్కోవాలి! రెండో సంపుటాన్ని వింటర్నిట్స్, కీత్ 1905లో ఇంగ్లీషులో తెచ్చి పుణ్యం కట్టుకున్నారు.

జాబితాలో దొరికాక ఆ ప్రతికి ఇచ్చిన గుర్తును రాసి అడగాలి. నన్ను పట్టుకున్నది ఆ గుర్తే. కాశీ నుంచి వచ్చిన ప్రతి కావాలంటే 'చంద్ర శంషేర్' అని రాసి, పక్కన అక్షరం, అంకె వేయాలి. చంద్ర శంషేర్ అప్పటి నేపాల్ ప్రధాని. కాశీలో అమ్మకానికి వచ్చిన ఆరు వేల పైచిలుకు ప్రతులను కొని, 1909లో ఆక్స్‌ఫర్డ్‌కు కానుకగా ఇచ్చాడు. అంతకు ముందు ఏడాది ఆక్స్‌ఫర్డ్ ఆయనకు గౌరవ పట్టం ఇచ్చింది. రెండింటికీ లంకె ఉందా అని అడగడం మర్యాద కాదు. ఏమైతేనేం, పుస్తకాలు దత్తు పోయాయి, ఇంటిపేరు మారింది. తరతరాలు వాటిని ఎండకు పెట్టి, పురుగు దులిపి కాపాడిన పండితుల ఇళ్లేవో ఆ గుర్తు చెప్పదు.

అలాగని ఆయన్ని తప్పుపట్టలేను. డబ్బు పెట్టకపోతే కట్టలు విడిపోయి తలోచోటికీ చేరేవి. అయినా, తప్పు పడ్డ అక్షరాల మీద పసుపుపచ్చగా హరిదళం పూసి దిద్దిన చోటు కనబడితే, ఈ చెయ్యి ఎవరిది అని మనసు పీకుతుంది. లేఖకులు కొందరు చివర పేరు, తేదీ వేసి, వీపు వంగింది, మెడ పట్టేసింది, ఈ పుస్తకాన్ని నూనె నుంచి, నీళ్ల నుంచి, మూర్ఖుడి చేతి నుంచి కాపాడండి అని మొరపెట్టుకుంటారు. పాఠకుడి చేత ప్రమాణం చేయించే తెలివి మనవాళ్లకూ ఉందన్నమాట.

ఎవరి ఇంటిపేరూ అంటనిది బక్షాలీ గణితం. 1881లో, ఇప్పటి పాకిస్తాన్‌లోని బక్షాలీ ఊళ్లో ఒక రైతు తవ్వుతుంటే బయటపడ్డ భూర్జపత్రాలవి. సున్నను చుక్కగా రాసిన లెక్కలు. హెర్న్లే అనే పండితుడు చదివి, 1902లో బోడ్లియన్‌కు ఇచ్చాడు. ముట్టుకుంటే పొడి రాలే ఆ పత్రాలను అభ్రకం రేకుల మధ్య భద్రపరిచారు. ఊరి పేరైతే నిలిచింది. రైతు రైతుగానే మిగిలాడు.

'విల్సన్' గుర్తున్న ప్రతులూ ఇక్కడ చాలా ఉన్నాయి. 1832లో ఆక్స్‌ఫర్డ్‌లో తొలి సంస్కృతాచార్యుడైన హెచ్. హెచ్. విల్సన్ పోగేసిన వాటిని 1842లో బోడ్లియన్ కొన్నది. ఈ విల్సన్ మనకు పాత చుట్టమే. దక్షిణాదిన సర్వే చేసిన కాలిన్ మెకంజీ సేకరణకు 1828లో కలకత్తాలో జాబితా అచ్చువేసింది ఆయనే. దాంతో తెలుగునాట ఊరూరా కరణాల దగ్గర కూర్చుని రాయించిన ఊళ్ల చరిత్రలు, అంటే కైఫీయతులు కూడా మెకంజీ సేకరణగానే లోకానికి తెలిశాయి. నడిచిందీ, అడిగిందీ, తర్జుమాలు చూసిందీ ఏలూరు వాళ్లు, కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య, వాళ్ల కింది గుమాస్తాలు. బొర్రయ్య 1803లోనే పోయాడు. మెకంజీ 1821లో పోయాక ఆ పని నేను కొనసాగిస్తానని లక్ష్మయ్య అడిగితే, అంత పని నడపడం ఇక్కడివాడి వల్ల కాదన్నారు.

ఆక్స్‌ఫర్డ్ గుర్తులు ఇక మారవు, మార్చనూ కూడదు. నూరేళ్ల పరిశోధన వాటి మీద ఆధారపడి ఉంది. మన దగ్గర 'మెకంజీ కైఫీయతులు' అని అచ్చువేసేవాళ్లకు ఆ ఇబ్బంది లేదు. ముఖపత్రం మీద మెకంజీ పక్కన బొర్రయ్యనూ లక్ష్మయ్యనూ చేర్చడానికి ఏ గ్రంథాలయాన్నీ అడగనక్కర్లేదు.