నీళ్లు పడే రంపం

తాండూరు బండ కొయ్యడానికి ఏ మిషను కొనాలా అని చూస్తుంటే, మిషను మీదకన్నా బ్లేడు మీద డబ్బు పెట్టడమే తెలివనిపిస్తోంది. మోటారు మామూలుదైనా ఫర్వాలేదు. బల్ల ఊగకూడదు, నీటి పంపు ఆగకూడదు.

బ్లేడు అంచున వజ్రపు రేణువుల్ని పట్టి ఉంచేది లోహం. గ్రానైటులాంటి గట్టి రాయికి ఆ లోహం మెత్తగా ఉండాలట! తిరగేసి చెప్పినట్టున్నా నిజం అదే. లోహం అరిగితేనే కదా కొత్త వజ్రం బయటపడేది. అరగని బ్లేడు నున్నబడి, కొయ్యడం మాని రాయిని ఊరికే రుద్దుతుంది. ఇసుక ఎక్కువున్న సిమెంటు ఇటుకలో నాలుగు గాట్లు పెడితే మళ్లీ పదునెక్కుతుంది. పెచ్చులు ఊడకూడదంటే సందుల్లేని నిండు అంచు బ్లేడే మేలు.

నీళ్లు బ్లేడును చల్లబరుస్తాయి, దుమ్మునూ అణుస్తాయి. గ్రానైటు దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో పేరుకుంటే సిలికోసిస్. దాన్ని నయం చేసే మందు లేదు. అందుకే నీళ్లు పడుతున్నా మాస్కు మానొద్దు. నీళ్లూ కరెంటూ కలిసే పని కాబట్టి, ముందు కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ పెట్టించండి.