హాలు ఉచితం, గదికి అద్దె

మా అమ్మాయి చేసే ఉద్యోగమేమిటో చాలాకాలం నేను ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను. ఎవరడిగినా "కంప్యూటర్లలో" అని ఊరుకునేదాన్ని. తీరా చూస్తే అది ప్రోగ్రాములు రాయదట. వాటిలో ఎక్కడ ఏముందో, ఎలా వాడాలో వివరిస్తూ పుస్తకాలు రాస్తుందట. డాక్యుమెంటేషన్ అంటారు. "ఓసి, మిక్సీ డబ్బాలో వచ్చే చిన్న పుస్తకమా? అదెవరు చదువుతారే!" అనేశాను. రెండ్రోజులు నాతో ముభావంగా ఉంది.

దాని విలువ నాకు కిందటేడు వేసవిలో తెలిసింది. మా అత్తగారు మంచం పట్టారు. మనవరాలంటే ఆవిడకి ప్రాణం. ఇదీ సెలవు పెట్టుకునే వచ్చింది. వచ్చిన మర్నాడే ఆఫీసు నుంచి ఫోను. అక్కడ ఒక కుర్రాడు ఉద్యోగం మానేశాడట. ఏది ఎలా నడుస్తుందో అంతా అతని బుర్రలోనే ఉండిపోయిందట. ఇక ఈ పిల్ల లాప్‌టాప్ ముందేసుకుని, అతని పాత ఉత్తరాలు తిరగేస్తూ, ఇది ఇలా కాబోలు, అది అలా కాబోలు అని పన్నెండు రోజులు కూచుంది. "పిల్ల వచ్చిందా?" అని అత్తగారు అడిగినప్పుడల్లా "వచ్చిందత్తయ్యా, పక్కగదిలోనే ఉంది" అనేదాన్ని. పదమూడో రోజున ఆవిడ అడగలేదు.

కార్యక్రమాలన్నీ అయ్యాక నా కడుపుమంట ఆపుకోలేక అడిగాను. "అంత కంపెనీ కదా, ఎక్కడో ఓ చోట రాసిపెట్టుకోలేరుటే?"

అప్పుడు చెప్పింది 'రీడ్ ది డాక్స్' కథ. 2010లో జాంగో డ్యాష్ అని ఒక పోటీ జరిగింది. 48 గంటల్లో ఒక వెబ్‌సైటు తయారు చెయ్యాలి. ఎరిక్ హోల్షర్, చార్లెస్ లైఫర్, బాబీ గ్రేస్ అనే ముగ్గురు కుర్రాళ్లు ఆ పోటీలో దీన్ని కట్టారు. ప్రోగ్రాము ఉన్నచోటే దాని వివరణ కూడా రాసి ఉంచితే చాలు, అది మారినప్పుడల్లా ఈ సైటు పేజీలను తనంతట తానే మళ్లీ కట్టి అందరికీ చూపెడుతుంది. పాత రకం ప్రోగ్రాము వాడేవాళ్ల కోసం పాత పుస్తకమూ అలాగే ఉంచుకోవచ్చు. తమ ప్రోగ్రాములను లోకానికంతా తెరిచిపెట్టేవాళ్లకి ఇదంతా ఉచితం.

ఉచితమన్నారు గానీ, కంప్యూటర్ల ఖర్చు ఎవరిస్తారు? అర్ధరాత్రి ఏదైనా ఆగిపోతే లేచి చూసేవాడికి జీతమెవరిస్తారు? కొన్నాళ్లకి వాళ్లు కంపెనీల కోసం డబ్బుకి వేరే ఏర్పాటు మొదలెట్టారు. కంపెనీ రాసుకున్నది కంపెనీవాళ్లూ, వాళ్లు అనుమతించినవాళ్లూ తప్ప ఇంకొకరు చూడలేరు. నెలనెలా అద్దె కట్టాలి. ప్రకటనల గోల ఉండదు. ఉచితం వైపు మాత్రం ప్రకటనలుంటాయి.

మొదట నాకు నచ్చలేదు. ధర్మసత్రం కట్టి తర్వాత చెయ్యి చాచినట్టు అనిపించింది. తర్వాత తిరుమల గుర్తొచ్చింది. అక్కడ హాల్లో పడుకోవడం ఉచితం, లాకరూ ఉచితమే. తలుపూ తాళమూ ఉన్న గది కావాలంటే అద్దె. హాల్లో చాప పరుచుకున్నవాళ్లని ఎవరూ లేపి డబ్బులడగరు. వీళ్లూ అంతే, తాళం కావాలన్నవాళ్లనే అడిగారు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఉచితంగా చేసే పనంతా ఇంట్లో ఆడవాళ్ల పనిలా చివరికి ఎవరి కంటికీ ఆనదు. అద్దె పెట్టి మంచిపని చేశారు.

"మరి మీవాళ్లూ అలాంటి గది తీసుకోవచ్చుగా?" అన్నాను.

"ఇలాంటిదే ఒకటి ఉందమ్మా మాకు. అద్దె కూడా కడుతున్నారు. అతను అందులో ఒక్క ముక్క రాయలేదు."

నాకు నోట మాట రాలేదు. ఆ అబ్బాయిని నాలుగు తిట్టబోయాను. "అతన్ననకు. రాయడానికి టైమెవరిచ్చారు? అది వాళ్ల లెక్కలో పనే కాదు" అంది.

ఈ ఏడు ఆవకాయ రోజుల్లో అమ్మాయి లాప్‌టాప్ తీసుకుని వంటింట్లోకే వచ్చి కూచుంది. "నాయనమ్మ కొలతలు చెప్పమ్మా, రాసిపెడతాను."

ఆవిడ ఇత్తడి గిన్నెతో కొలిచేవారు. ఆవపిండి ఒక గిన్నె, కారం ఒక గిన్నె అని చెప్పాను.

"ఉప్పు?"

"చేతికి తెలిసినంత."

"ఎవరి చేతికి? అలా రాస్తే మా ఆఫీసులో వెనక్కి పంపిస్తారు."

తెనాలిలో ఉన్న మా ఆడపడుచుకి ఫోన్ చేశాను. "మా అమ్మ నన్నెప్పుడు జాడీ దగ్గరికి రానిచ్చింది వదినా? పక్కన నిలబడ్డదానివి నువ్వు. నీకే తెలియాలి" అంది.

అమ్మాయి ఉప్పు దగ్గర ఖాళీ వదిలి, కింద వెల్లుల్లి సంగతి అడిగింది.