చివరి హౌస్ ఎందుకు గెలిచింది?



నేను ఎనిమిది, తొమ్మిది తరగతులకు కంప్యూటర్ సైన్స్ చెబుతాను. మా పాఠాల్లో పిల్లలు "అర్థమైంది మేడం" అని అన్నిటికంటే తొందరగా చెప్పేది ఇన్‌హెరిటెన్స్ దగ్గర. తెలుగులో చెబితే వారసత్వం. నాన్న ఇంటిపేరు పిల్లలకు వచ్చినట్టు, పేరెంట్ క్లాస్‌లో రాసింది చైల్డ్ క్లాస్‌కి వస్తుంది. 1960లలో నార్వేలో ఓలే జోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ అనే ఇద్దరు సిములా అనే భాషలో ఈ ఆలోచనకు రూపమిచ్చారు. ఒకచోట రాసింది మళ్లీ మళ్లీ రాయక్కర్లేదు కాబట్టి, ఇవాళ వెబ్‌సైట్లు తయారుచేసే భాషల్లో చాలావాటిలో ఇది ఉంది.

అయితే వారసత్వంలో అన్నీ ఒకే రకంగా రావు. ముక్కు, కళ్లు ఎవరివి వాళ్లకే వస్తాయి. పొలం మాత్రం పంచుకునేదాకా ఉమ్మడిగానే ఉంటుంది. ఈ తేడా పట్టించుకోకపోతే ఏమవుతుందో ఈ టర్మ్‌లో మా కోడింగ్ క్లబ్ పిల్లలు స్వయంగా చూశారు.

ఇంటర్ హౌస్ క్విజ్ కోసం తొమ్మిదో తరగతి పిల్లలు నలుగురు కలిసి పీహెచ్‌పీలో ఒక రిజల్ట్స్ పేజీ చేశారు. హౌస్ అనేది పేరెంట్ క్లాస్. రెడ్, బ్లూ, ఎల్లో, గ్రీన్ దాని చైల్డ్ క్లాసులు. ఒక్కో హౌస్ మార్కులు కలిపి, టోటల్ చూపించి, తర్వాతి హౌస్‌కి వెళ్లాలి. మార్కులు కలిపే భాగం రాసింది గ్రీన్ హౌస్ అమ్మాయి. రెండుసార్లు ప్రాక్టీస్ క్విజ్ పెట్టారు. రెండుసార్లూ గ్రీన్ హౌసే ఫస్ట్. మూడోసారి పెట్టకముందే ఒకరు అనేశారు: "కోడ్ రాసింది నువ్వే కదా, మీ హౌస్‌కి ఎక్కువ కలుపుకున్నావు."

ఆ అమ్మాయి ఏడవలేదు, వాదించనూ లేదు. మర్నాటి నుంచి క్లబ్‌కి రావడం మానేసింది. పేజీలో ఒక్క ఎర్రర్ కూడా లేదు, ప్రోగ్రామ్ ఆగకుండా నడిచింది. తప్పు మెషీన్‌లో కనిపించకపోయేసరికి అనుమానం మనిషి మీదికి పోయింది.

ఆమెను పిలిపించి, అందరి ముందూ ఒక పరీక్ష పెట్టాం. జవాబు ముందే తెలిసిన అంకెలు ఇచ్చాం: రెడ్‌కి 10, బ్లూకి 20, ఎల్లోకి 30, గ్రీన్‌కి 40. స్క్రీన్ మీద వరుసగా 10, 30, 60, 100 వచ్చాయి. వెనక నుంచి ఒక అబ్బాయి, "మేడం, ముందువాళ్లవి కూడా కూడుకుంటూ పోతోంది" అన్నాడు. అప్పుడు హౌస్‌ల వరుస తిరగేశాం. గ్రీన్ 40, ఎల్లో 70, బ్లూ 90, రెడ్ 100. ఈసారి గెలిచింది రెడ్ హౌస్! అనుమానించిన పిల్లాడిది రెడ్ హౌసే. ఎవరూ చెప్పకుండానే వాడు ఆ అమ్మాయికి సారీ చెప్పాడు.

కారణం ఇదీ. టోటల్‌ని పేరెంట్ క్లాస్‌లో స్టాటిక్ ప్రాపర్టీగా రాశారు. స్టాటిక్ ప్రాపర్టీ ఉమ్మడి ఇంట్లో డబ్బు పెట్టె లాంటిది. నలుగురు కొడుకులున్నారని పెట్టెలు నాలుగు కావు. ఎవరు వేసినా అదే పెట్టెలో పడుతుంది, ఎవరు తెరిచినా అందరి డబ్బూ కనిపిస్తుంది. చైల్డ్ క్లాస్‌కి సొంత పెట్టె కావాలంటే, దాన్ని ఆ క్లాస్‌లో మళ్లీ విడిగా ప్రకటించాలి. అంటే వేరు పడాలి.

పిల్లలు వెంటనే నాలుగు క్లాసుల్లోనూ టోటల్‌ని విడిగా రాశారు. రన్ చేస్తే నాలుగు హౌస్‌లకూ సున్నా! ఇక్కడ రెండో చిక్కు ఉంది. మార్కులు కలిపే ఫంక్షన్ ఇంకా పేరెంట్ క్లాస్‌లోనే ఉంది. అందులో "సెల్ఫ్ టోటల్‌కి కలుపు" అని రాసి ఉంది. దీన్ని ఇలా చెప్పాను. తాతగారు "వచ్చిన డబ్బు మన పెట్టెలో వేయండి" అని కాగితం రాసి ఉంచారు. వేరు కాపురం పెట్టిన కొడుకు ఆ కాగితం చదివితే, "మన" అంటే ఏ ఇంటి పెట్టె? సెల్ఫ్ అని రాస్తే, కాగితం రాసిన తాతగారింటిది. దాని బదులు స్టాటిక్ అని రాస్తే, ఇప్పుడు కాగితం ప్రకారం నడుచుకుంటున్న కొడుకింటిది. మార్కులన్నీ తాతగారి పెట్టెలోకి పోతుంటే, కొత్త పెట్టెలు నాలుగూ ఖాళీగా ఉన్నాయన్నమాట. ఆ ఒక్క మాట మార్చగానే 10, 20, 30, 40 వచ్చాయి.

ఈ ఇబ్బంది పెద్ద ప్రోగ్రామర్లకూ ఉండేది. స్టాటిక్ అనే మాటను ఈ రెండో అర్థంలో వాడే వీలు పీహెచ్‌పీలో 2009లో, 5.3 వెర్షన్‌తో వచ్చింది. దాన్ని లేట్ స్టాటిక్ బైండింగ్ అంటారు. ఒకే మాటకు రెండు పనులు ఉండటం వల్ల పిల్లలు తికమకపడతారు, అది సహజమే. పైగా భాష మారితే పద్ధతి మారుతుంది. జావాస్క్రిప్ట్‌లో చైల్డ్ క్లాస్ పేరు మీద కొత్త విలువ రాస్తే దానికి సొంత పెట్టె దానంతటదే ఏర్పడుతుంది. కానీ ఆ పెట్టెలో ఒక లిస్టు ఉండి, అదే లిస్టుకి ఇంకొకటి చేరిస్తే అది మళ్లీ ఉమ్మడే. అందుకే రూల్ బట్టీపట్టడం కంటే, తెలిసిన అంకెలతో పరీక్షించి చూడటం నేర్పుతున్నాం.

అక్కడితో అయిపోలేదు. రెండు రోజుల తర్వాత ఆ అమ్మాయి నోట్‌బుక్ తీసుకుని వచ్చింది. "మేడం, రేపు ఐదో హౌస్ పెట్టి, అందులో టోటల్ విడిగా రాయడం మర్చిపోతే, దాని మార్కులు మళ్లీ పేరెంట్ పెట్టెలోకే పోతాయి కదా. అసలు నాలుగు హౌస్‌లకు నాలుగు క్లాసులు ఎందుకు? చేసే పని ఒక్కటే. హౌస్ అని ఒకే క్లాస్ రాసి, నాలుగు ఆబ్జెక్టులు చేస్తే చాలు" అంది. మామూలు ప్రాపర్టీ ఏ ఆబ్జెక్టుది దానికే ఉంటుంది, కలిసిపోయే ప్రమాదం లేదు. ఎక్కడ వారసత్వం అక్కర్లేదో తెలుసుకోవడం నా సిలబస్‌లో రాసి లేని పాఠం. క్విజ్ రోజు నడిచింది ఆమె మళ్లీ రాసిన పేజీయే.

మీకు కోడింగ్ రాకపోయినా ఇంట్లో ఒక పని చేయవచ్చు. పిల్లలు ప్రోగ్రామ్ చూపించినప్పుడు "రన్ అయిందా?" అనడంతో పాటు "ఇది కరెక్ట్ అని నీకెలా తెలుసు?" అని అడగండి. జవాబు నోటితో చెప్పగలిగే చిన్న లెక్క ఒకటి ఇచ్చి, వరుస మార్చి ఇంకోసారి వేయించండి. కిరాణా చిట్టా టోటల్ అయినా చాలు. అంకెలు తేడా వస్తే "నువ్వేం చేశావు?" అనకుండా "ఎక్కడ తేడా వచ్చిందో కలిసి చూద్దామా?" అనండి. ఆ మాట వింటే పిల్లలు నోట్‌బుక్ తెచ్చుకుని మీ పక్కన కూర్చుంటారు.